తండ్రి మిగిల్చిన ప్రశ్న: వాకర్ పెర్సీ జీవితం

తల్లిదండ్రుల మరణం ఏ వయస్సులోనైనా దుఃఖకరమే. ఐతే వ్యాధి వలననో, వార్ధక్యం వలననో సంభవించిన మరణానికి ఒక కారణం చెప్పుకొని మనస్సును సమాధానపరచుకొనే వీలుంటుంది. ఇరుగుపొరుగువారు వచ్చి కూర్చుంటారు. పోయినవారి మంచితనాన్ని తలచుకుంటారు. ఏడ్చేవారిని ఏడవనిస్తారు. కాని తండ్రియో, తల్లియో తమ ప్రాణం తామే తీసుకున్న ఇంట ఇట్టి ఊరట దొరకదు. అక్కడ పరామర్శకు వచ్చినవారి గొంతులు తగ్గిపోతాయి. పిల్లలు గదిలో అడుగు పెట్టగానే పెద్దల మాటలు ఆగిపోతాయి. ఆ నిశ్శబ్దంలో పెరిగే పసి హృదయాన్ని మూడు ప్రశ్నలు తొలుస్తూ ఉంటాయి. నాన్న ఎందుకు వెళ్ళిపోయాడు? నా ముఖం చూచి అయినా ఎందుకు ఆగలేదు? రేపు నేను కూడా ఆ త్రోవనే పోతానా?

ఈ మూడింటిలో మూడవ ప్రశ్న అత్యంత భయంకరమైనది. దానిని బాలుడు ఎవరితోనూ పైకి అనడు. పదమూడవ ఏట ఆ ప్రశ్నను భుజాన వేసుకొని, దానితోనే నడచి, డెబ్బదిమూడు సంవత్సరాలు నిండు జీవితం గడపిన ఒక మనిషి కథను ఈ సంచిక ద్వారా మన విద్యార్థులకు పరిచయం చేయదలిచాను. ఆయన అమెరికా దేశపు నవలాకారుడు వాకర్ పెర్సీ. ఆంగ్ల సాహిత్యం చదివేవారికి ఆయన పేరు సుపరిచితమే. తెలుగు పాఠకులకు మాత్రం అంతగా తెలియదు.

వాకర్ పెర్సీ 1916వ సంవత్సరం మే 28వ తేదీన అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్ నగరంలో జన్మించాడు. ముగ్గురు అన్నదమ్ములలో పెద్దవాడు. తండ్రి లిరాయ్ ప్రాట్ పెర్సీ పేరుమోసిన న్యాయవాది. పెర్సీల వంశం అమెరికా దేశపు దక్షిణ రాష్ట్రాలలో పలుకుబడి గలది. న్యాయవాదులూ, పత్తి భూముల యజమానులూ, ఒక సెనేటరూ ఆ వంశంలో ఉన్నారు. ఐతే ఆ కీర్తి వెనుక ఒక నీడ కూడా తరతరాలుగా నడచి వచ్చింది. ఆ వంశానికి మూలపురుషుడు 1794లో తన ప్రాణం తానే తీసుకున్నాడు. వాకర్ ఇంకా ఏడాది నిండని పసికందుగా ఉన్నప్పుడు, 1917లో, అతని తాత అదే విధంగా మరణించాడు. చాలకాలంగా తీవ్రమైన మనోవ్యాకులతతో బాధపడుతున్న తండ్రి 1929 జూలైలో అదే మార్గం పట్టాడు. అప్పటికి వాకర్‌కు పదమూడేళ్ళు.

ఇట్టి వరుసను చూచినవారు వంశదోషమనో, తలరాత అనో తేల్చివేయడం సులభం. మన ఊళ్ళలో కూడా అట్టి మాటలు వింటూనే ఉంటాం. మనోవ్యాధులకు కుటుంబ సంక్రమణ లక్షణం కొంత ఉంటుందని వైద్యశాస్త్రం కూడా అంగీకరిస్తుంది. కాని సంక్రమించేది వ్యాధికి లోనయ్యే అవకాశమే కాని, మరణశాసనం కాదు. ఈ భేదాన్ని గ్రహించడానికి పెర్సీకి సగం జీవితం పట్టింది.

భర్త మరణించిన తరువాత తల్లి మార్తా సూసన్ పిల్లలను తీసుకొని జార్జియా రాష్ట్రంలోని ఏథెన్స్‌లో తన పుట్టింటికి చేరింది. మరుసటి సంవత్సరం ఒక బంధువు వారిని చూడవచ్చాడు. ఆయన వాకర్ తండ్రికి పెదతండ్రి కొడుకు వరస, పేరు విలియం అలెగ్జాండర్ పెర్సీ. కవి, న్యాయవాది, అవివాహితుడు. మిసిసిపీ నదీతీరంలోని గ్రీన్‌విల్ పట్టణంలో పెద్ద ఇంట ఒంటరిగా ఉంటున్నాడు. 1929వ సంవత్సరపు చివరి మూడు నెలల్లోనే ఆయన తన తల్లినీ తండ్రినీ ఇద్దరినీ పోగొట్టుకున్నాడు. తన దుఃఖమే ఇంకా పచ్చిగా ఉన్న ఆ మనిషి, దుఃఖంలో ఉన్న ఆ నలుగురినీ తన ఇంటికి వచ్చి ఉండమని ఆహ్వానించాడు. పిల్లలు ఆయనను అంకుల్ విల్ అని పిలవసాగారు.

గ్రీన్‌విల్‌లోని ఆ ఇల్లు పుస్తకాలతోనూ, గ్రామఫోను రికార్డులతోనూ నిండి ఉండేది. రచయితలు, సంగీతకారులు, దూర ప్రాంతాల అతిథులు వచ్చిపోతూ ఉండేవారు. విల్ పెర్సీ పిల్లలకు షేక్స్పియరును చదివి వినిపించేవాడు, పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం వినిపించి వివరించేవాడు. అన్నింటికంటె ముఖ్యంగా, ఈ పిల్లలకు తమ ఈడు స్నేహితుడు అవసరమని గుర్తించి, ఆ ఊరి బాలుణ్ణి ఒకణ్ణి పిలిచి, మా ఇంటికి వచ్చే పిల్లలతో స్నేహం చేయమని స్వయంగా అడిగాడు. ఆ బాలుడే తరువాతి కాలంలో అమెరికా అంతర్యుద్ధ చరిత్రను మూడు సంపుటాలలో రచించిన షెల్బీ ఫుట్. ఫుట్ కూడా తండ్రి లేనివాడే. ఆరవయేడు నిండకముందే అతనికి తండ్రి పోయాడు. ఆ ఇద్దరు పిల్లల మధ్య అంకురించిన స్నేహం అరవై ఏళ్ళు నిలిచింది. వారు పరస్పరం వ్రాసుకున్న ఉత్తరాలు తరువాత గ్రంథరూపం దాల్చాయి.

కాని విధి ఆ పిల్లలపట్ల ఇంకా శాంతించలేదు. 1932 ఏప్రిల్‌లో తల్లి నడుపుతున్న కారు వంతెన దాటుతూ కాలువలో పడిపోయింది. వెంట ఉన్న చిన్న కుమారుడు బయటపడ్డాడు, ఆమె బయటపడలేదు. అది ప్రమాదమే కావచ్చు. కాని తండ్రి ఆ విధంగా పోయిన పిల్లవాడికి ప్రతి మరణం మీదా అనుమానమే కలుగుతుంది. ఆ సందేహం వాకర్‌ను చాలకాలం వెంటాడింది. పదహారేళ్ళు నిండకుండానే తల్లిదండ్రులిద్దరూ లేనివాడయ్యాడు. విల్ పెర్సీ ముగ్గురు పిల్లలనూ చట్టప్రకారం దత్తత చేసుకున్నాడు. మన ఇండ్లలో యతీమ్ అనే మాటకు ఉన్న బరువు తెలిసినవారికి ఈ కార్యం విలువ వేరుగా చెప్పనక్కరలేదు. అనాథ బిడ్డ తలపై చేయి వేయడం ఎంతటి పుణ్యకార్యమో మన పెద్దలు మనకు చిన్ననాటినుండి చెప్పుతూ వచ్చినదే. వేలమైళ్ళ దూరాన, వేరొక మతానికి చెందిన ఒక అవివాహితుడు ఆ పనిని ఆర్భాటం లేకుండా చేసి చూపించాడు.

వాకర్ మంచి విద్యార్థి. ఉత్తర కరోలినా విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రం చదివి 1937లో పట్టం పుచ్చుకున్నాడు. తరువాత న్యూయార్కులోని కొలంబియా వైద్యకళాశాలలో చేరి 1941లో వైద్యుడయ్యాడు. శాస్త్రం ప్రతి ప్రశ్నకూ జవాబు చెప్పగలదని అతడు ఆ రోజులలో గట్టిగా నమ్మేవాడు. శరీరాన్ని విప్పి చూస్తే వ్యాధి కారణం తెలిసినట్లే, మనిషిని విప్పి చూస్తే దుఃఖ కారణం కూడా తెలుస్తుందని అతని ఆశ. వైద్య విద్యార్థిగా ఉన్నప్పుడే మూడు సంవత్సరాలపాటు, వారానికి అయిదు రోజులు, ఒక మానసిక వైద్యురాలి వద్దకు వెళ్ళి తన మనస్సును విప్పి చెప్పుకున్నాడు. ఆ కాలంలో, ఆ సమాజంలో, మగవాడు తన బాధను వైద్యుని ముందు చెప్పుకోవడం చిన్నతనంగా భావించేవారు. ఐనా అతడు వెళ్ళాడు. ఆ మూడేళ్ళు తండ్రి మరణ రహస్యాన్ని విప్పలేకపోయాయి. కాని చెప్పుకోదగిన మాటగా ఆ బాధను మార్చాయి. చెప్పుకోగల బాధ మనిషిని లోలోపల ఒంటరిగా తినివేయలేదు.

1942 జనవరిలో విల్ పెర్సీ మరణించాడు. తండ్రి స్థానంలో నిలిచిన మనిషి కూడా పోయాడు. ఆ ఏడే న్యూయార్కులోని బెల్‌వ్యూ ఆసుపత్రిలో శవపరీక్షలు చేస్తూ ఉండగా వాకర్‌కు క్షయవ్యాధి సోకింది. ఆనాటికి ఆ వ్యాధికి సరియైన మందు లేదు. విశ్రాంతి, చల్లనిగాలి, బలమైన ఆహారం, ఇవే చికిత్స. ఉత్తర న్యూయార్కు పర్వతాలలోని సారనాక్ లేక్ శానిటోరియంకు అతణ్ణి పంపారు. తోటివారందరూ ప్రపంచయుద్ధంలో ఉండగా అతడు మంచంమీద పడుకొని కిటికీలోనుండి మంచును చూస్తూ కాలం గడపవలసి వచ్చింది. యువకునికి ఇంతకంటె నిస్పృహ కలిగించే స్థితి మరేముంటుంది? తండ్రిని మింగిన చీకటి తన ముంగిటకు కూడా వచ్చిందని భయపడడానికి తగిన ఘడియ అదే.

ఆ మంచంమీదనే అతడు చదవడం మొదలుపెట్టాడు. రష్యన్ రచయిత దోస్తోయెవ్‌స్కీని, డేనిష్ తత్త్వవేత్త కీర్కెగార్డ్‌ను, ఫ్రెంచి రచయితలు సార్త్ర్, కామూలను చదివాడు. శాస్త్రం మనుష్యజాతిని గురించి ఎంతైనా చెప్పగలదు గాని, ఫలానా బుధవారం సాయంత్రం ఒంటరిగా కూర్చున్న ఫలానా మనిషి ఎట్లా బ్రతకాలో చెప్పలేదని అతనికి అక్కడ తోచింది. రోగిగా గడపిన ఆ సంవత్సరాలను నష్టంగా కాక లాభంగా అతడు తరువాత పరిగణించాడు. 1944లో బయటకు వచ్చి వైద్యవిద్యార్థులకు బోధించడానికి ప్రయత్నించాడు. వ్యాధి తిరగబెట్టింది. మరికొంతకాలం కనెక్టికట్‌లోని మరొక శానిటోరియంలో ఉండి, వైద్యవృత్తిని శాశ్వతంగా విడిచిపెట్టాడు.

1946 నవంబరులో ఆయన వివాహం జరిగింది. వధువు మేరీ బెర్నీస్ టౌన్‌సెండ్ వైద్య ప్రయోగశాలలో పనిచేసిన యువతి. మరుసటి సంవత్సరం భార్యాభర్తలు కేథలిక్ మతం స్వీకరించారు. ప్రాణం మనిషి సొంత ఆస్తి కాదని, అది ఒకరు అప్పగించిన అమానత్ వంటిదని చెప్పే మతంలో, తండ్రి ఆ అప్పగింతను త్రోసిపుచ్చిన కుమారుడు ఆశ్రయం వెతుక్కోవడం గమనింపదగిన విషయం. దీనిని తండ్రిపై తీర్పుగా చూడనవసరం లేదు. తన కాలి క్రింద ఒక గట్టి నేల ఉండాలని కోరుకున్న మనిషి వేసిన అడుగుగానే చూడాలి.

1948లో వారు లూసియానా రాష్ట్రంలోని కోవింగ్టన్ అనే చిన్న పట్టణంలో స్థిరపడ్డారు. ఒక ఆడశిశువును దత్తత తెచ్చుకున్నారు. దత్తతవలన బ్రతికి బట్టకట్టినవాడు తానూ ఒక బిడ్డను దత్తత తీసుకున్నాడన్నమాట. 1954లో జన్మించిన రెండవ కుమార్తెకు చెవులు వినిపించవని కొద్ది నెలలకే తెలిసింది. తల్లిదండ్రులు ఇంటివద్దనే ఎంతో ఓర్పుతో ఆ పిల్లకు మాట నేర్పారు. మాట అనగా ఏమిటి, ఒక ధ్వనికి ఒక వస్తువు పేరుగా ఎట్లా అమరుతుంది అనే విషయంలో పెర్సీ వ్రాసిన వ్యాసాలకు ఈ అనుభవం బలం చేకూర్చింది. పేరు పెట్టగలిగినదానిని మనిషి చూడగలుగుతాడని ఆయన సిద్ధాంతం. ఇంట పేరెత్తని మరణం నీడలో పెరిగినవాడికి ఈ సిద్ధాంతం కేవలం భాషాశాస్త్ర విషయం మాత్రమే కాదని మనం ఊహించవచ్చు.

రచయితగా ఆయన త్వరపడినవాడు కాదు. వ్రాసిన మొదటి రెండు నవలలు అచ్చుకు నోచుకోలేదు. 1961లో, నలభై అయిదవ ఏట, మొదటి నవల 'ది మూవీగోయర్' ప్రచురితమైంది. మరుసటి సంవత్సరం దానికి అమెరికా జాతీయ గ్రంథ పురస్కారం లభించింది. 1966లో వచ్చిన 'ది లాస్ట్ జెంటిల్‌మన్' నవలలో విల్ బారెట్ అనే యువకుడు కథానాయకుడు. అతనికి అప్పుడప్పుడు జ్ఞాపకశక్తి పోతూ ఉంటుంది. ఊరూరా తిరిగి చివరకు తన తండ్రి ఇంటి ముందుకు వచ్చి నిలిచినప్పుడు అతనికి ఆ రాత్రి గుర్తుకు వస్తుంది. చెట్ల క్రింద పచారు చేస్తున్న తండ్రి, మెట్లమీద కూర్చొని ఆగమని బ్రతిమాలుతున్న బాలుడు, తిరిగి చూడక ఇంటిలోకి వెళ్ళిపోయిన తండ్రి. ముప్పది ఏడేళ్ళు మౌనంగా మోసిన దృశ్యాన్ని పెర్సీ కథారూపంలో అక్కడ పైకి తీశాడు.

కాని పైకి తీయడంతో పని పూర్తి కాలేదు. పదునాలుగేళ్ళ తరువాత, 1980లో, 'ది సెకండ్ కమింగ్' నవలలో అదే విల్ బారెట్ నడివయస్కుడై మళ్ళీ కనిపిస్తాడు. ధనం, గౌరవం, విశ్రాంతి అన్నీ ఉన్నాయి. ఐనా తండ్రి గొంతు లోపలినుండి పిలుస్తూనే ఉంటుంది. తండ్రి తనకు ప్రేమతో ఏదో ఇచ్చి పోయాడని కాదు, తన నిరాశను వారసత్వంగా అప్పగించి పోయాడని అతడు గ్రహిస్తాడు. దైవం ఉన్నట్లు ఒక గుర్తు కనబడేవరకు బయటకు రానని శపథం పట్టి ఒక గుహలోకి దిగుతాడు. గుర్తు ఏదీ రాదు గాని పంటినొప్పి వస్తుంది! ఆ నొప్పి భరించలేక పైకి వచ్చే ప్రయత్నంలో దారి తప్పి, ఒక యువతి నివసిస్తున్న పూలమొక్కల గాజుఇంటిలో పడతాడు. ఆమె కూడా మానసిక వ్యాధితో బాధపడి కోలుకుంటున్న మనిషి. ఆమె పరిచర్య అతణ్ణి మళ్ళీ మనుషులలో పడవేస్తుంది. కడపట అతడు తండ్రి ఆయుధాలను లోయలోకి విసరివేస్తాడు. తండ్రిని ద్వేషించి కాదు. తండ్రి దుఃఖం వేరు, తన బ్రతుకు వేరు అని తెలిసికొని. తలరాత అనుకొన్నది తండ్రి చేతివ్రాత మాత్రమే. తన పుట మీద తానే వ్రాసుకోవచ్చును.

ఆ సంవత్సరమే మరొక సంఘటన ఫలించింది. పెర్సీ జీవితం మొత్తంలో నన్ను అన్నింటికంటె కదలించినది ఇదే. 1976లో ఆయన న్యూ ఆర్లీన్స్‌లోని లయోలా విశ్వవిద్యాలయంలో బోధిస్తూ ఉండగా థెల్మా టూల్ అనే వృద్ధురాలు ఆయనను వెతుక్కుంటూ వచ్చింది. ఆమె ఏకైక కుమారుడు జాన్ కెనెడీ టూల్ ఒక నవల వ్రాశాడు. అది అచ్చు కాలేదు. 1969లో, ముప్పది ఒకటవ ఏట, అతడు తన ప్రాణం తానే తీసుకున్నాడు. ఆ నవల వ్రాతప్రతిని పట్టుకొని తల్లి ప్రచురణకర్తల చుట్టూ తిరిగింది. అందరూ త్రిప్పి పంపారు. మాసిపోయిన ఆ కార్బన్ ప్రతిని పెర్సీ చేతిలో పెట్టి చదివి తీరవలసిందేనని పట్టుబట్టింది.

పని ఒత్తిడిలో ఉన్న ఏ రచయిత అయినా మర్యాదగా తప్పించుకోగలడు. పెర్సీ కూడా మొదట అట్లాగే తప్పించుకోవాలని చూశాడు. కొద్ది పుటలు చదివి పక్కన పెట్టివేయవచ్చుననే ఆశతోనే ప్రతిని తెరిచాడు. కాని చదివినకొద్దీ అది గొప్ప నవల అని తెలిసింది. దానిని అచ్చు వేయించడానికి ఆయన పూనుకున్నాడు. 1980లో లూసియానా రాష్ట్ర విశ్వవిద్యాలయ ముద్రణాలయం ఆ నవలను 'ఎ కాన్ఫెడరసీ ఆఫ్ డన్సెస్' పేరుతో, పెర్సీ పీఠికతో ప్రచురించింది. 1981లో దానికి పులిట్జర్ బహుమతి వచ్చింది.

ఒక్కసారి ఆ గదిని మనస్సులో ఊహించుకోండి. ఒకవైపు కుమారుణ్ణి ఆ విధంగా పోగొట్టుకున్న తల్లి. మరొకవైపు తండ్రిని అదే విధంగా పోగొట్టుకున్న కుమారుడు. ఎందుకు అనే ప్రశ్నకు ఆమెకూ జవాబు తెలియదు, ఆయనకూ తెలియదు. కాని ఆమె తెచ్చిన కాగితాలను ఆయన చదవగలిగాడు. జవాబు లేని ప్రశ్న ముందు మనిషి చేయగలిగిన పని ఒకటి ఉందని ఆ గదిలో తేలింది. విల్ పెర్సీ తన దుఃఖంలో ఉండి పరుల బిడ్డలకు తలుపు తెరిచాడు. ఆ బిడ్డ పెద్దవాడై మరొకరి తల్లికి తలుపు తెరిచాడు.

పెర్సీ 1987 వరకు నవలలు వ్రాస్తూనే ఉన్నాడు. 1990 మే 10వ తేదీన కోవింగ్టన్‌లో తన ఇంట కేన్సరు వ్యాధితో, భార్య మేరీ సాన్నిధ్యంలో కన్నుమూశాడు. సమీపంలోని సెయింట్ జోసెఫ్ మఠంలో ఆయన సమాధి ఉంది. వంశంలోని నీడ ఆయన ఇంటి గడప వద్దనే ఆగిపోయింది. ఆయన మనోవ్యాకులత ఎరుగనివాడు కాడు. జీవితమంతా అది వచ్చిపోతూనే ఉండేది. ఐనా ప్రతి ఉదయం లేచి కొన్ని గంటలు వ్రాయడం, మిత్రులతో కూర్చొని భోజనం చేయడం, కుమార్తెలను, మనుమలను చూచుకోవడం మానలేదు. తండ్రి వేసిన ప్రశ్నకు ఆయన ఇచ్చిన జవాబు గ్రంథాలలోకంటె ఆ దినచర్యలో ఎక్కువగా ఉంది.

ఈ కథ ఇక్కడ ఎందుకు చెప్పవలసి వచ్చిందో చెప్పి ముగిస్తాను. ప్రతి సంవత్సరం ప్రవేశ దరఖాస్తులు సరిచూచే పని మా అధ్యాపకులకు ఉంటుంది. తండ్రి పేరు వ్రాసే గడిలో కొందరు విద్యార్థులు మర్హూమ్ అనో, కీర్తిశేషులు అనో వ్రాస్తారు. వ్రాసేటప్పుడు ఒకరిద్దరి కలం కొంచెం ఆగుతుంది. ఎట్లా పోయారని మేము అడగము, అడగకూడదు. కాని ఆ కలం ఎందుకు ఆగిందో కొన్నిసార్లు మనస్సుకు తెలుస్తూనే ఉంటుంది. అట్టి విద్యార్థి ఎవరైనా ఈ పుటలు చదువుతూ ఉంటే అతనికి, ఆమెకు నేను చెప్పదలచినది ఇంతే. అది నీ తప్పు కాదు. నీ ప్రేమ చాలకపోవడం వలన జరిగినది కాదు. ఆ క్షణంలో వారిని పట్టిన వ్యాధి వారి కళ్ళకు నిన్ను కూడా కనబడనివ్వలేదు. నీవు వారి కళ్ళను, నడకను, గొంతును పొంది ఉండవచ్చు. వారి ముగింపును పొందనవసరం లేదు. చీకటి ఎప్పుడైనా నీ గుమ్మానికి వస్తే వైద్యునితోనో, గురువుతోనో, మిత్రునితోనో చెప్పుకో. పెర్సీ చెప్పుకున్నాడు కనుకనే బ్రతికాడు.

కళాశాల సంఘ పెద్దలకు కూడా ఒక మనవి. అట్టి ఇంటి పిల్లవాడు మన గడపలోకి వచ్చినప్పుడు గొంతు తగ్గించి మాట్లాడుకోవద్దు. విల్ పెర్సీ చేసినట్లు అతనికి ఒక పుస్తకం, ఒక స్నేహితుడు, కూర్చోవడానికి ఒక చోటు చూపిద్దాం. మిగిలిన దారి అతడే నడుచుకుంటాడు.